అచ్చుగుద్దిన దూడ

పిల్లలూ,

వానకాలంలో కప్పలు ఎందుకు అరుస్తాయో ఈ నెల చెబుదామని కాగితాలు ముందు పెట్టుకొని కూర్చున్నాను. ఇంతలో మా వీధి కుర్రవాడొకడు, ఆరో తరగతి చదువుతున్నవాడు, ఏడుపుమొగంతో మా అరుగు ఎక్కాడు. వాడి ప్రశ్న విన్నాక కప్పల సంగతి వాయిదా వేయక తప్పలేదు.

వాళ్ళింట్లో గౌరి అనే ముసలి ఆవు ఉన్నది. అది పుంగనూరు జాతిది. మా రామసముద్రానికి పుంగనూరు ఎంతో దూరం లేదు. ఆ ఊరి పేరుతో లోకానికి తెలిసిన ఈ పొట్టి ఆవు నిండా పెరిగినా ఇంచుమించు మూడడుగుల ఎత్తే ఉంటుంది. ఎండు మేత తిని, కరువుకు తట్టుకొని, చిక్కటి పాలు ఇస్తుంది. అయితే గౌరికి వయసు మీరింది. రెండేళ్ళుగా చూలు నిలవడం లేదు.

"సార్, మా నాయన గౌరిని సంతకు తోలేస్తానంటున్నాడు" అన్నాడు కుర్రవాడు.

"ఊరుకో అబ్బీ, నేను మాట్లాడతాను" అన్నాను.

"అమ్మేస్తే అమ్మేయనీ సార్. ఆవు ఒంట్లోంచి చిన్న ముక్క తీసి, అచ్చుగుద్దినట్టు అట్లాంటి ఆవునే పుట్టిస్తారంట గదా! సెల్లులో చూశాను. దాన్ని క్లోనింగు అంటారంట. గౌరిని అట్లా చేయిస్తే నాకు మళ్ళీ గౌరి ఉంటుంది గదా?"

అవునని చెప్పడానికీ కాదని చెప్పడానికీ ఒక్క మాట చాలదు. "కూర్చో" అన్నాను. వాడికి చెప్పిందే మీకూ చెబుతాను.

మామిడి అంటు

"మీ తోటలో మామిడి ఉందా?" అని అడిగాను.

"తోతాపురి ఉంది సార్. అంటు చెట్లు."

"టెంక నాటకుండా అంటు ఎందుకు కట్టినారు?"

"టెంక నాటితే ఏ పండు కాస్తుందో చెప్పలేమంట."

వాడు సగం జవాబు తానే చెప్పేశాడు! టెంకలోని మొక్కకు తల్లి చెట్టు గుణాలు కొన్ని, పుప్పొడి ఇచ్చిన చెట్టు గుణాలు కొన్ని వస్తాయి. అంటు అట్లా కాదు. మంచి చెట్టునుంచి రెమ్మ కోసి, వేరే మొక్క కాండానికి అతికిస్తారు. ఆ రెమ్మే పెరిగి కొమ్మలు వేసి, తల్లి చెట్టు కాసిన పండే కాస్తుంది. చెరకు గడ ముక్కలు నాటినా, అరటి పిలక నాటినా జరిగేది ఇదే. క్లోను అనే మాట కూడా గ్రీకు భాషలో రెమ్మ అనే అర్థం గల మాటనుంచి పుట్టింది. 1903లో హెర్బర్ట్ వెబ్బర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు దీన్ని మొక్కల కోసమే వాడుకలోకి తెచ్చాడు. కాబట్టి మన చిత్తూరు సీమ రైతు ఆ మాట వినకపోయినా ఆ పని చేస్తూనే వచ్చాడు.

అయితే ఆవు తోక కోసి నాటితే ఆవు మొలవదు గదా! జంతువుల విషయంలో చిక్కంతా అక్కడే ఉన్నది.

కప్ప, గొర్రె

ఇల్లు ఇటుకలతో కట్టినట్టు మన శరీరం కణాలతో కట్టి ఉన్నది. ప్రతి కణమూ సూక్ష్మదర్శినిలో తప్ప కనపడనంత చిన్నది. దాదాపు ప్రతి కణంలోనూ నడుమ కణకేంద్రం ఉంటుంది. శరీరమంతా ఎట్లా తయారు కావాలో చెప్పే పుస్తకం అందులో ఉన్నదనుకోండి. చర్మంలోని కణం ఆ పుస్తకంలో చర్మానికి సంబంధించిన పుటలే చదువుతుంది. కంటి కణం కంటి పుటలే చదువుతుంది. మిగతా పుటలు చినిగిపోలేదు, మూసి ఉన్నాయి. వాటిని మళ్ళీ తెరవగలమా?

తెరవవచ్చునని చూపినవాడు జాన్ గర్డన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు. 1958 మొదలు కొన్నేళ్ళపాటు ఆయన కప్పలతో ప్రయోగాలు చేశాడు. తోకకప్ప పేగులోని కణంనుంచి కణకేంద్రాన్ని తీసి, సొంత కణకేంద్రం లేకుండా చేసిన కప్పగుడ్డులో పెట్టాడు. అట్లాంటి గుడ్లలో కొన్ని నిజమైన కప్పలుగా పెరిగాయి! ఈ గర్డన్ బడిలో చదివేటప్పుడు జీవశాస్త్రంలో అందరికంటే వెనకబడి ఉండేవాడు. ఈ కుర్రవాడు శాస్త్రజ్ఞుడు కావాలనుకోవడం వట్టి వెర్రి అని వాళ్ళ మాస్టారు ప్రోగ్రెస్ కార్డులో రాశాడు. ఆ మాస్టారు రాతను గర్డన్ చాలాకాలం పటం కట్టించి దాచుకొన్నాడు. 2012లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. నేనూ ఎన్నో ప్రోగ్రెస్ కార్డులు రాసినవాణ్ణే గనక ఈ కథ గుర్తుకు వచ్చినప్పుడల్లా కాస్త సిగ్గుపడతాను.

తరువాతది గొర్రె కథ. స్కాట్లండులో రాస్లిన్ సంస్థ ఉన్నది. అక్కడ ఇయాన్ విల్మట్, కీత్ కాంప్‌బెల్ అనే శాస్త్రజ్ఞులు తెల్లమొగం గొర్రె పొదుగునుంచి ఒక కణం తీసుకొన్నారు. నల్లమొగం గొర్రె అండంలోనుంచి కణకేంద్రాన్ని తీసేసి, ఈ కణాన్ని ఆ అండంతో కలిపారు. కొద్దిపాటి విద్యుత్తు తగిలించగానే రెండూ ఒకటైనై. అట్లా తయారయిన పిండాన్ని మరో నల్లమొగం గొర్రె కడుపులో పెట్టారు. 1996 జూలై 5న ఆ నల్లమొగం గొర్రెకు తెల్లమొగం పిల్ల పుట్టింది. అదే డాలీ.

ఇంతవరకూ విన్న మా కుర్రవాడి మొగం వెలిగింది. "అయితే గౌరి..." అని మొదలుపెట్టాడు.

"ఆగు, లెక్క పూర్తికాలేదు" అన్నాను. డాలీ కోసం అండాలను ఇట్లా కలిపింది 277 సార్లు. వాటిలో గొర్రెల కడుపులో పెట్టడానికి పనికివచ్చినవి 29 పిండాలు. వాటిని 13 గొర్రెలకు పెట్టారు. ఈనింది ఒక్క గొర్రె, బతికింది ఒక్క డాలీ. డాలీ తరువాత ఆరు పిల్లలను కన్నది. కాని కీళ్ళనొప్పులూ, ఊపిరితిత్తులలో కంతీ వచ్చి, 2003 ఫిబ్రవరి 14న, ఏడేళ్ళయినా నిండకుండానే పోయింది. ఆ ఊపిరితిత్తుల జబ్బు మామూలు గొర్రెలకూ ఒక వైరస్ వల్ల వస్తుంది గనక తప్పంతా క్లోనింగుదే అనరాదు. డాలీ పుట్టిన కణాల జాతినుంచే తరువాత పుట్టిన మరో నాలుగు గొర్రెలు ముసలితనందాకా ఆరోగ్యంగానే ఉన్నాయని 2016లో తేలింది.

మన దేశంలో

ఈ విద్య మన దేశానికీ వచ్చింది. హర్యానాలోని కర్నాల్‌లో జాతీయ పాడి పరిశోధన సంస్థ ఉన్నది. అక్కడివారు ఖరీదైన యంత్రాలు అట్టే అక్కరలేకుండా, సూక్ష్మదర్శిని కింద సన్నటి కత్తి చేతబట్టి పనిచేసే పద్ధతిని పట్టుకొన్నారు. 2009 ఫిబ్రవరి 6న వాళ్ళకు ఒక ఎనుపదూడ పుట్టింది. సమరూప అని పేరు పెట్టారు. వారమైనా తిరక్కుండా అది ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయింది. అదే సంవత్సరం జూన్‌లో పుట్టిన గరిమ రెండేళ్ళు బతికింది. 2010 ఆగస్టులో పుట్టిన రెండో గరిమ పెరిగి పెద్దదై, 2013 జనవరిలో మహిమ అనే దూడను కన్నది. 2023 మార్చి 16న గిర్ జాతి ఆవుకు క్లోనుగా గంగ అనే పెయ్యదూడ పుట్టింది. గంగకు కణం ఇచ్చింది గిర్ ఆవు, అండం ఇచ్చింది సాహివాల్ ఆవు, మోసి కన్నది సంకరజాతి ఆవు. ఒక దూడకు మూడు జాతుల తల్లులు!

కాబట్టి ఆవును క్లోను చేయడం సాధ్యమే. కాని అది పెద్ద ప్రయోగశాలలో, ఎంతో ఖర్చుతో, ఎన్నో సార్లు తప్పిపోయాక అయ్యే పని. తప్పిపోయిన ప్రతిసారీ ఒక మూగజీవి కడుపు మోసి నష్టపోతుంది. ఆ జీవికి నోరులేదు గనక ఆ లెక్క మనమే వేసుకోవాలి.

అది గౌరి అవుతుందా?

"ఖర్చు ఎవరో పెట్టుకొంటారనుకో. పుట్టే దూడ గౌరి అవుతుందా?" అని అడిగాను.

"అచ్చం అట్లే ఉంటుంది గదా సార్!"

2001 డిసెంబరు 22న అమెరికాలోని టెక్సస్‌లో ఒక పిల్లిపిల్ల పుట్టింది. ప్రపంచంలో మొదటి క్లోను పిల్లి అదే. కణం ఇచ్చిన పిల్లి ఒంటిమీద తెలుపు, నలుపు, నారింజ మచ్చలు ఉండేవి. పిల్లకు నారింజ రంగన్నది లేనే లేదు! బూడిదరంగు చారలతో, తెల్లటి పొట్టతో పుట్టింది. పుస్తకం ఒకటే, కాని ఆ జాతి పిల్లుల ఒంటిమీద ఎక్కడ ఏ రంగు తేలాలన్నది తల్లి కడుపులో ఉండగా కొంత యాదృచ్ఛికంగా జరిగిపోతుంది.

రంగు సంగతే అట్లా ఉంటే బుద్ధి సంగతి చెప్పాలా? గౌరి ఈ కుర్రవాడి అడుగుల చప్పుడు విని చెవులు నిక్కిస్తుంది. వాడు బడినుంచి తెచ్చే అరటితొక్క కోసం జేబు నాకుతుంది. ఆ అలవాటు కణంలో లేదు. అది పదేళ్ళు కలిసి బతికితే వచ్చింది. కొత్త దూడకు వాడు ఎవరో తెలియదు. అసలు గౌరి మాత్రం సంతలో, ఎవరి చేతిలోనో ఉంటుంది.

వాడు చాలాసేపు మాట్లాడలేదు.

ఊరంతటికీ ఒకే తాళం

ఇక గౌరి ఒక్కదాని సంగతి కాదు, దాని జాతి సంగతి. పుంగనూరు ఆవులు తగ్గిపోయినై గనక మేలైన ఆవును ఒకదాన్ని ఎన్నుకొని, వంద క్లోనులు చేస్తే జాతి నిలుస్తుంది గదా అని మీలో ఎవరైనా అడగవచ్చు.

ఒక ఊళ్ళో ఇళ్ళన్నిటికీ ఒకే రకం తాళం వేశారనుకోండి. దొంగకు ఒక్క తాళంచెవి దొరికితే చాలు, ఊరంతా కొల్లపోతుంది. అరటికి సరిగా ఇదే జరిగింది. ఒకప్పుడు దేశదేశాలకు ఎగుమతి అయ్యే అరటి గ్రో మిషెల్ అనే ఒకే రకం. చెట్లన్నీ పిలకలనుంచి వచ్చినవే, అనగా ఒకదానికొకటి క్లోనులే. పనామా తెగులు అనే బూజు నేలలో చేరి తోటలకు తోటలనే నాశనం చేసింది. 1960 ప్రాంతానికి వ్యాపారులు ఆ రకాన్ని వదిలి కేవెండిష్ రకానికి మారవలసి వచ్చింది. ఇప్పుడు ఆ తెగులే కొత్త రూపంతో కేవెండిష్‌నూ పట్టుకొన్నది.

జాతి అంటే ఒక ఆవు కాదు, ఒక మంద. అందులో ఒకటి గాలికుంటును తట్టుకొంటుంది, ఒకటి ఎండకు ఓర్చుకొంటుంది, ఒకటి పాలు ఎక్కువిస్తుంది. ఆ తేడాలే జాతికి ఆస్తి.

మరి పుంగనూరు ఆవు ఎందుకు తగ్గిపోయింది? ఎవరో వచ్చి చంపలేదు. మనమే తగ్గించుకొన్నాం. నా చిన్నతనంలో మా ఇంట్లో ఈ ఆవులు రెండుండేవి. పాలకేంద్రం వచ్చాక లీటరుకింతని డబ్బు ఇవ్వసాగారు. పుంగనూరు ఆవు రోజుకు మూడు నుంచి అయిదు లీటర్లు ఇస్తే గొప్ప. జెర్సీ సంకరం అంతకు ఎంతో ఎక్కువ ఇస్తుంది. మా నాయన ఆవులకు జెర్సీ సూది వేయించాడు. పుట్టిన దూడలు పొడుగ్గా, బలంగా ఉన్నాయి. మేమంతా సంతోషించాం. ఆ పాలడబ్బుతోనే నేను చదువుకొన్నాను. ఇంటింటా ఇదే జరిగింది. ఎవరిదీ తప్పని చెప్పలేను. కాని ఒకనాడు తిరిగి చూస్తే వీధిలో పొట్టి ఆవు లేదు.

ఇప్పుడు తిరిగి పొట్టి ఆవుకు గిరాకీ వచ్చింది. ముచ్చటకోసం ఇంకా పొట్టిది, ఇంకా పొట్టిది అని వెతికేవారూ ఉన్నారు. పొట్టితనం ఒక్కటే చూసి ఎంచితే అదీ ఊరంతటికీ ఒకే తాళం వేసినట్టే. పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం పుంగనూరు మందను పెంచుతూ ఈ జాతిని కాపాడుతూ వచ్చింది. అది తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందినది. మేలైన ఆవులనూ ఎద్దులనూ కలిపి పిండాలు తయారుచేసి, మామూలు ఆవుల కడుపులో పెంచే పద్ధతి కూడా ఒకటున్నది. దానివల్ల పుట్టే దూడలు ఒకదానికొకటి తోబుట్టువులు అవుతాయి గాని అచ్చులు కావు.

పోయినవాటిని రప్పించవచ్చునా?

పూర్తిగా పోయిన జాతికి క్లోనింగు పనికిరాదా? ఇందులోనూ మనకు చుట్టరికం ఉన్నది. చీతా అనే వేట జంతువు ఒకప్పుడు మన దేశంలో తిరిగేది. చిత్తూరు జిల్లాలో చీతా కనిపించినట్టు 1952లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం వారి పత్రికలో అచ్చయింది. ఆ తరువాత ఈ జంతువు మన దేశంలో లేకుండా పోయింది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు ఇరాన్‌లో మిగిలిన చీతాల కణాలతో క్లోను చేయాలని తలపెట్టారు. ఇరాన్ ఒప్పుకోలేదు, పని సాగలేదు. చివరకు 2022 సెప్టెంబరులో ఆఫ్రికాలోని నమీబియానుంచి ఎనిమిది చీతాలను మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి తెచ్చారు.

స్పెయిన్ కొండల్లో బుకార్డో అనే అడవిమేక ఉండేది. చివరి మేక 2000లో చచ్చిపోయింది. దాచిన కణాలనుంచి 2003లో ఒక పిల్లను పుట్టించారు. ఊపిరితిత్తులు సరిగా లేక ఆ పిల్ల కొన్ని నిమిషాలకే పోయింది. ఒకే జాతి రెండుసార్లు అంతరించిందన్న మాట!

అయితే మంచి కబురూ ఒకటి ఉన్నది. అమెరికాలో ముంగిసను పోలిన నల్లకాళ్ళ ఫెర్రెట్ అనే జంతువు ఉన్నది. ఇప్పుడున్నవన్నీ ఏడింటి సంతానమే. 1988లో చనిపోయిన మరో ఫెర్రెట్ కణాలను గడ్డకట్టించి దాచారు. వాటినుంచి 2020 డిసెంబరులో ఎలిజబెత్ ఆన్ అనే పిల్ల పుట్టింది. ఆ తరువాత పుట్టిన ఆంటోనియా అనే మరో క్లోను 2024లో పిల్లలను కన్నది. ఇక్కడ క్లోనింగు వల్ల మందలో లేని కొత్త గుణాలు మందకు చేరినై. అచ్చులు పెంచడానికి కాకుండా, పోయిన తేడాలను తిరిగి తేవడానికి వాడితే ఇదీ మంచి పనిముట్టే.

మనుషుల మాట

ఇంతసేపూ విన్న కుర్రవాడు మెల్లగా అడిగాడు: "మనుషులను కూడా చేయవచ్చా సార్?"

2018లో చైనా శాస్త్రజ్ఞులు డాలీ పద్ధతిలో రెండు కోతిపిల్లలను పుట్టించినట్టు ప్రకటించారు. కోతి మనకు దగ్గర చుట్టం. అయినా మనిషిని క్లోను చేసినట్టు ఇంతవరకూ ఎవరూ రుజువు చూపలేదు. చేయరాదని 1997లో యునెస్కో ప్రకటించింది. 2005లో ఐక్యరాజ్యసమితి మానవ క్లోనింగును నిషేధించమని దేశాలను కోరింది. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి నియమాలూ ఒప్పుకోవు.

ఎందుకు ఒప్పుకోరాదు? ఒక కారణం డాలీ లెక్క. గొర్రెల విషయంలో అన్నిసార్లు తప్పితే, తల్లుల విషయంలో, పసిబిడ్డల విషయంలో తప్పడానికి ఎవరు ఒప్పుకొంటారు?

రెండో కారణం నేను బడిలో నేర్చుకొన్నది. అచ్చుగుద్దినట్టుండే కవలలు ప్రకృతి చేసే క్లోనులే. మా బడిలో అట్లాంటి అన్నదమ్ములు ఇద్దరు చదివారు. ఏడాది తిరిగినా వాళ్ళలో ఎవరు ఎవరో నాకు తెలియలేదు. ఒకడికి లెక్కలంటే ప్రాణం, రెండోవాడు లెక్కల గంట కొట్టగానే కిటికీలోంచి చెట్లు చూసేవాడు. చేతికి పలక దొరికితే దానిమీద తాళం వేసేవాడు. మొగం ఒకటైనా మనుషులు ఇద్దరే.

మరో పిల్లవాడు ఉండేవాడు. వాడు పుట్టకముందే వాళ్ళ అన్న చనిపోయాడు. ఇంట్లోవాళ్ళు ఆ పేరే వీడికి పెట్టారు. అన్న బాగా చదివేవాడట, అన్న అల్లరి చేసేవాడు కాదట. ఆ మాటలు వింటూ వాడు పెరిగాడు. ఒకరోజు పరీక్ష కాగితంమీద పేరు రాయకుండా ఇచ్చాడు. ఎందుకని అడిగితే, "అది నా పేరు కాదు సార్" అన్నాడు. ఇంట్లోవాళ్ళ దుఃఖం నిజమైనదే. కాని ఆ భారం మోసింది ఈ పసివాడు. క్లోనింగు లేకుండానే ఇంత బరువైతే, పోయినవాడికి బదులుగానే నిన్ను చేయించామని ఒక బిడ్డకు చెబితే ఎట్లా ఉంటుంది? పుట్టే ప్రతి బిడ్డకూ తాను తానుగా ఉండే హక్కు ఉన్నది.

ఇట్లా అన్నందుకు శాస్త్రాన్ని తిట్టినట్టు కాదు. జపానులో యమనాక అనే శాస్త్రజ్ఞుడు, పెద్దకణాన్ని పిండంగా చేయనక్కరలేకుండానే, 2006లో ఎలుకల కణాలలో మూసిన పుటలు తెరిపించాడు. రోగాలను అర్థం చేసుకోవడానికి ఆ దారి ఉపయోగపడుతున్నది. గర్డన్‌తోబాటు నోబెల్ బహుమతి పొందినది ఈయనే.

గౌరి ఏమైంది?

మర్నాడు కుర్రవాడు వాళ్ళ నాయనను వెంటబెట్టుకొని వచ్చాడు. "సార్, వీడు రాత్రి అన్నం తినలేదు. గౌరి పాలివ్వదు, మేత మాత్రం తింటుంది. నేనేం చేసేది?" అన్నాడాయన. ఆయన అన్నదీ న్యాయమే. చెనక్కాయ పంట దెబ్బతిన్న సంవత్సరం రైతుకు ఎండుకట్టె కూడా డబ్బే.

మాటల్లో తెలిసింది, గౌరి కడపటి దూడ పెయ్య ఇప్పుడు ఎదకు వచ్చిందని. దాని తండ్రి కూడా పుంగనూరు ఎద్దే. ఆయన దానికి జెర్సీ సూది వేయించాలని అనుకొన్నాడట. కుర్రవాడు నా మొగం చూశాడు. నేను వాడి మొగం చూశాను. వాడే చెప్పాడు: "నాయనా, పాలకు జెర్సీ ఆవు ఉంది గదా. దీనికి మాత్రం పుంగనూరు సూది వేయిద్దాం."

ఆయన కాసేపు ఆలోచించి, "సరే, పశువుల డాక్టరును అడిగి చూస్తా. గౌరిని ఈ ఎండాకాలందాకా ఉంచుతా. తరువాత సంగతి తరువాత" అన్నాడు. అంతకంటే మాట ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

పోతూ పోతూ కుర్రవాడు వెనక్కు తిరిగి, "సార్, పుట్టే దూడ గౌరిలా ఉంటుందా?" అన్నాడు.

"కొంచెం గౌరిలా, కొంచెం వాళ్ళమ్మలా, కొంచెం తండ్రిలా. మిగతాది దానిలా" అన్నాను.

పిల్లలూ, ఈ నెల మీకొక పని. మీ వీధిలో ఏయే జాతుల ఆవులు, ఎనుములు, గొర్రెలు, కోళ్ళు ఉన్నాయో నోటుపుస్తకంలో రాయండి. మీ అవ్వా తాతల చిన్నప్పుడు ఏవేవి ఉండేవో వాళ్ళను అడిగి పక్కనే రాయండి. రెండు పట్టికలూ పోల్చి చూస్తే ఏది పోయిందో, ఏది పోబోతున్నదో మీకే తెలుస్తుంది.

కప్పల సంగతి వచ్చే నెల.